మా నూతి నీళ్ళ రుచి

మా తాతగారి కాలంలో మాకు ఏమేం ఉండేవో చెప్పను. చెబితే గొప్పలంటారు. నా దాకా మిగిలినవి రెండు: అరుగు మీద టేకు కుర్చీ, పెరట్లో మంచినీళ్ళ నుయ్యి. రాజోలు దిగువన, సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో తియ్యటి నీరు పడటం సామాన్యం కాదు. వీధంతా మా నీళ్ళే తాగేది. ఎవరినీ ఏనాడూ కాదనలేదని అడగకపోయినా చెప్పేవాణ్ణి.

తొంభైల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. మా పెరటి కంచెను ఆనుకుని చేలు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టారు. కొన్నాళ్ళకు మా నూతి నీళ్ళలో కందిపప్పు ఉడకడం మానేసింది. మంచినీళ్ళ నూతుల పక్కన చెరువులు తవ్వకూడదని నిబంధన ఉంది కదా అని, చెరువు పూడ్పించమని అర్జీ పెట్టాను.

అంతలో ఎన్నికలొచ్చాయి. మా అభ్యర్థి ప్రచారానికి జీపులు, వాటిలో డీజిలు, సభలకు షామియానాలు, కార్యకర్తలకు భోజనాలు అన్నీ రొయ్యల రైతుల సంఘం సమకూర్చింది. నేనేం తక్కువ తినలేదు. పార్టీ ఆఫీసుకు మా అరుగు, ఆయన కూర్చోవడానికి మా కుర్చీ ఇచ్చాను.

"ఈ కుర్చీలో కూచున్నాక ఇంక గెలిచేసినట్టేనండి బాబుగారూ" అన్నారాయన.

గెలిచారు. జీపులు క్షేమంగా సంఘానికి చేరాయి. కుర్చీకి మాత్రం కాలు విరిగింది.

ఆ తర్వాత నిబంధనకు ఒక చిన్న మాట తోడైంది. నుయ్యి పాడైందని తనిఖీలో తేలితేనే చెరువు పూడ్పించాలట. వెళ్ళి ఆయన్నే అడిగాను.

"మీరు చెప్పేక కాదంటానాండీ? రేపు మధ్యాహ్నమే తనిఖీకి పంపుతాను. ఆయ్."

రేపు మధ్యాహ్నం వస్తారంటే భోజనం వేళ అన్నమాట. మా ఆవిడ అంది, "ఏవండీ, నూతి నీళ్ళతోనే వండేస్తాను. పప్పు పలుకులు నోట్లో పడితే వాళ్ళే రాసుకుంటారు."

"మన గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ఉప్పునీళ్ళు పోస్తామా? మతుండే మాట్లాడుతున్నావా?"

తెల్లారకుండా సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని, ఎవరి కంటా పడకుండా దొడ్డిదారిన వెళ్ళి, పక్క ఊరి కుళాయి నీళ్ళు తెచ్చాను.

అధికారులు ఇద్దరూ సంఘం అధ్యక్షుడి జీపులోనే దిగారు. అధ్యక్షుడూ దిగాడు. ముద్దపప్పు మెత్తగా ఉడికింది. కంచు గ్లాసుల్లో నీళ్ళు అడిగి మరీ తాగారు.

"నుయ్యి పెరట్లో ఉందండీ. రండి, నీళ్ళు చూద్దురుగాని" అన్నాను భోజనాలయ్యాక.

"ఇంకా చూసేదేటండి, కడుపునిండా తాగేం కదా!" అన్నాడు పెద్ద అధికారి చెయ్యి తుడుచుకుంటూ.

"అమృతవండీ" అన్నాడు అధ్యక్షుడు, నావైపు చూసి నవ్వుతూ.

అవి కుళాయి నీళ్ళని చెప్పాలి. నోరు కూడా తెరిచాను. కానీ మా ఇంట నీళ్ళు మోసుకొచ్చుకుంటున్నామని ఆ మనిషి ముందు ఎలా చెప్పను? "మరికాస్త పెరుగు వేయించుకోవలసిందండీ" అన్నాను.

'ఫిర్యాదుదారు గృహమునందే నీరు సేవించి చూడగా రుచికరముగా నున్నది' అని నివేదిక వచ్చింది. ఆ జీపులో వచ్చినవాళ్ళు మరోలా రాసేవారు కారు, నిజమే. అయితే అబద్ధం రాసే శ్రమ కూడా వాళ్ళకు లేకుండా చేసినవాణ్ణి నేను. చెరువు అలాగే ఉంది. వీధిలోవాళ్ళు మా నుయ్యి వదిలేసి పక్క ఊరి కుళాయికి పోతున్నారు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అవే జీపులు. మా అభ్యర్థి అరుగెక్కి, కాలికి అతుకు వేయించిన కుర్చీలో జాగ్రత్తగా కూర్చుని మంచినీళ్ళు అడిగారు. వీధిలోవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు.

"ఏ నీళ్ళు ఇవ్వమంటారండీ?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి, అందరికీ వినబడేలా.

గొంతు సవరించుకున్నాను. "నూతి నీళ్ళే."

మా వంశంలో అతిథికి ఉప్పునీళ్ళిచ్చింది అదే మొదలు. ఆయన గ్లాసు ఎత్తి గుటగుటా తాగారు. అడుగు చుక్క కూడా వదల్లేదు. ముఖంలో ఒక్క గీత మారలేదు. ఖాళీ గ్లాసు అందరికీ కనిపించేలా పట్టుకుని అన్నారు:

"ఎన్నూళ్ళు తిరిగినా మీ నూతి నీళ్ళ రుచే వేరండీ బాబుగారూ!"

అందరూ నావైపే చూస్తున్నారు.

"ఆయ్" అన్నాను.