గేటు దగ్గర వదిలేసిన విడాకులు

తనకు విడాకులైన సంగతి లావణ్యకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

తెల్లాపూర్‌లో ఆమె ఉండే గేటెడ్ కమ్యూనిటీలో ఏ పార్సిల్ వచ్చినా ముందు ఫోన్‌లో గేటు యాప్ మోగుతుంది. ఇంటికి పంపాలా, గేటు దగ్గర ఉంచాలా అని అడుగుతుంది. ఆ రోజు ఆఫీసు మీటింగులో కూర్చుని, ఏం వచ్చిందో చూడకుండానే 'గేటు దగ్గర' అని నొక్కింది. వచ్చింది ఖాట్మండు కోర్టు నోటీసు. ఎవరివో చెప్పుల డబ్బాల కింద అది నెలల తరబడి పడి ఉంది. ఈలోగా అక్కడ నోటీసు అందినట్టు, భార్య జవాబివ్వనట్టు రాసుకుని తీర్పు ఇచ్చేశారు.

సుజన్ ఆమె టీములోనే పనిచేసిన నేపాలీ. పెళ్లి ఇక్కడే, రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. రెండు నెలల పనని ఊరికి వెళ్లినవాడు మూడేళ్లు తిరిగి రాలేదు. చివరికి భార్యే ఇల్లు వదిలి పోయిందని, మూడేళ్లుగా కాపురానికి రావడంలేదని కోర్టులో చెప్పాడు. ఇప్పుడు రాయదుర్గంలో మళ్లీ ఉద్యోగం దొరికిందట. కొత్త భార్యతో దిగుతున్నాడు. అందుకే లావణ్య గుర్తొచ్చింది. ఫోన్ చేసి విడాకుల సంగతి చెప్పి, ఒక్క సంతకం కావాలన్నాడు.

శనివారం పొద్దున తల్లి రుక్కమ్మను వెంటబెట్టుకుని లింగంపల్లిలో లాయరు రామబ్రహ్మం దగ్గరికి వెళ్లింది.

"అక్కడ మీరాయనకి భార్య కారండి. ఇక్కడ ఇంకా భార్యే," అన్నాడాయన. "మీరు హాజరు కాకుండా ఇచ్చిన ఇలాంటి తీర్పు మన దగ్గర నిలవదండి. రెండో ఆవిడతో వస్తే కేసు మెడకి చుట్టుకుంటుందని ఆయన భయం."

"అంటే ఆడ ఒక్క పెళ్లాం, ఈడికొస్తే ఇద్దరా?" అంది రుక్కమ్మ. "విమానం దిగంగనే పెళ్లాం పుట్టుడు నేనెన్నడు సూడలే."

రామబ్రహ్మం నవ్వు ఆపుకుని కాగితం ముందుకు జరిపాడు. "వాళ్ల లాయరు పంపాడండి. ఆ కోర్టు విచారణకి మీరు ఒప్పుకున్నారనీ, తీర్పులో రాసిందంతా నిజమేననీ. సంతకం పెడితే కొద్ది నెలల్లో ఇక్కడా తేలిపోవచ్చు. లేదంటే మనమే కొత్తగా కేసు వేయాలి. రెండేళ్లో, మూడేళ్లో."

లావణ్యకు కావలసింది ఒక్కటే. పాస్‌పోర్టులో, ఆఫీసు ఇన్సూరెన్సులో, ఎక్కడా భర్తగా వాడి పేరు కనపడకూడదు.

"పెట్టు బిడ్డా," అంది రుక్కమ్మ. "పీడ పోతది."

లావణ్య పెన్ను తీసుకుంది. సంతకం పెట్టేముందు చదివింది. 'నా ఇష్టప్రకారమే భర్త ఇల్లు వదిలి వెళ్లాను' అని ఆరో వరుసలో ఉంది. ఆ ఇంట్లోనే ఇవాళ స్నానం చేసి వచ్చింది. వాడు వెళ్లిపోయాక, వెంట్రుకలు అతుక్కున్న వాడి సబ్బుముక్కను గోకి పారేసింది ఆ బాత్రూంలోనే.

ఫోన్‌లో సుజన్ మెసేజ్ వచ్చింది. 'జస్ట్ ఫార్మాలిటీ యార్. పింకీ కూడా థాంక్స్ చెప్పమంది.' కింద పసుపుపచ్చ బొటనవేలి బొమ్మ. పింకీ అంటే ఆ కొత్త భార్య. అన్నంలో వెంట్రుక నాలుకకు తగిలినట్టయింది లావణ్యకు.

పెన్ను మూత పెట్టింది. "కొత్త కేసే వేయండి సార్. ఇల్లు వదిలింది ఎవరో రాసి వేయండి."

"మూడేళ్లు పట్టొచ్చండి."

"మూడేళ్లు నాకు అలవాటే సార్."

"గిట్ల మూడేండ్లు వాని పేరు మోస్తవా?" అంది రుక్కమ్మ.

"మోస్తనే అమ్మా. వాడు చెప్పింది నిజమని మాత్రం రాయ."

రుక్కమ్మ ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన బొద్దింకను తీసినట్టు బల్ల చివరికి జరిపింది.

రామబ్రహ్మం కొత్త ఫైలు తెరిచాడు. "ఆయనకి నోటీసు ఎక్కడికి పంపమంటారండి?"

"అడ్రసు ఇస్తాను. వాడి చేతికే ఇవ్వాలి సార్. గేటు దగ్గర వదలొద్దు."