టీకా వచ్చేదాకా

మా అన్నయ్య కూతురికి పన్నెండో ఏట గొంతునొప్పి వచ్చింది. అది తగ్గాక కీళ్ళు వాచాయి. చివరికి గుండె కవాటం ఒకటి దెబ్బతిన్నదని తేలింది. స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి పని అది. మళ్ళీ సోకితే కవాటం ఇంకా పాడవుతుంది కాబట్టి మూడు వారాలకోసారి పెనిసిలిన్ సూది. ఇప్పుడామె కాలేజీలో ఉన్నా మేమున్న హిందీ ఊళ్ళో కోహ్కా పేటలోని కాంపౌండర్ దగ్గరికి అన్నయ్యే తీసుకెళ్తాడు. సూది వేయించాక ఆమె రెండు రోజులు కుంటుతుంది. ఆ రెండు రోజులూ ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడడు.

కిందటి వానాకాలం ఒకసారి సూది రోజున ఆయన స్కూటర్ తీయలేదు. ఆ జబ్బుకి టీకా తయారవుతోందని ఫోన్‌లో చదివాడట.

"ఏటే, కొత్త స్పేర్ వత్తంటే పాతదానికి అతుకులేత్తారా ఎవరైనా? టీకా వచ్చీదాకా ఆపీద్దాం" అన్నాడు నాతో. ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ చాలా పనులు అలాగే నడిచేవి.

నేను హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో లెక్కలు రాస్తాను. అంతకు మించిన గణితం పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నదే. టీకా గురించి కూడా అలాగే చదివాను. ఆ సూక్ష్మజీవిలో వందకు పైగా రకాలున్నాయి. ఒకదాన్ని ఆపిన టీకా ఇంకోదాన్ని ఆపకపోవచ్చు. పైగా దాని పైపొరలోని ప్రొటీను గుండె కండరంలోని ప్రొటీన్లను కొంత పోలి ఉంటుంది. ఆ ప్రొటీను మీద దాడి చేయడం ఒంటికి నేర్పే టీకాయే గుండెకి చేటు చేయదని ముందు తేల్చుకోవాలి.

"ముప్పైమందికి వేసి చూస్తే ఒక్కరికీ ఏమీ కాలేదనుకో అన్నయ్యా. అయినా పదిమందిలో ఒకరికి హాని జరగొచ్చన్న అనుమానం పూర్తిగా పోదు. వేలమందికి వేసి, ఏళ్ళ తరబడి చూడాలి."

"నీ దగ్గరకొస్తే ఇదే గొడవ. జరిగింది సెప్పవు, జరగనిది లెక్కేత్తావు."

అప్పటిదాకా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడిన కూతురు అడిగింది.

"పప్పా, కొత్త కూలింగ్ ప్లేట్ వచ్చేదాకా మీరు ఫర్నేస్‌ని చల్లబరిచే నీళ్ళు బంద్ చేసేవాళ్ళా?"

"నీళ్ళాపడవేటే? పేలిపోద్ది!"

"మరి నాకెందుకు బంద్ చేస్తున్నారు? చలో."

"రెండ్రోజులు కుంటతావు గదే."

"కుంటేది నేను. మీరెందుకు ముహ్ లట్కాయించుకుని, ఇలా మొహం వేలాడేసి కూర్చోడం?"

ఆయన మేకుకి వేలాడుతున్న రెయిన్‌కోటు తీసి ఆమెకిచ్చి, తను తడుస్తూనే స్కూటర్ నడిపాడు. సూది వేశాక, తరువాతిది ఏ రోజో కాంపౌండర్‌ని తనే అడిగాడట. టీకా వార్తలు మాత్రం ఇప్పటికీ చదువుతూనే ఉంటాడు.