తూటాల గదికి ఏసీ

కువైట్‌లో జహ్రా ఊరి నుంచి తిరిగి వస్తున్న బస్సులో నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటులో ఒకాయన పలకరించాడు. రాయచోటి వైపు మనిషి, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. అరచేతులకు అంటిన జిడ్డును గుడ్డతో కోపంగా రుద్దుకుంటున్నాడు.

"ఏం జిడ్డన్నా అది?" అన్నాను.

"తూటాలదిమ్మా. మా కఫీల్‌కు, అదే వీసా ఇచ్చిన యజమానికి, తుపాకీ పిచ్చి. సీసం కరిగించి తానే తూటాలు పోస్తాడు. అవి తుపాకీ గొట్టంలో సులువుగా జారాలని తేనెమైనం, నూనె కలిపి పూస్తాడు. ఈ ఎండకు అది బంకబంకగా అయి దుమ్మంతా పట్టుకుంటాండాది. నూనె తగ్గించి మైనం ఎక్కువెయ్యి బాబా అంటే ఇన్లా. చల్లని గదిలో పెట్టాలంట! నిన్న నా గదిలో ఏసీ పీకిచ్చి తూటాల గదికి పెట్టిచ్చినాడు."

ఆయన గొంతుకు బస్సులో అందరూ తిరిగి చూశారు.

"మరి నువ్వెట్లా పడుకుంటావన్నా?"

"పొద్దున్నే నా పరుపు తీసుకపోయి ఆ తూటాల మధ్యనే పరిచినా. కఫీల్ అరిచినాడు. ఏసీ యాడుంటే నేనాడుంటా, లేదంటే ఖలాస్, ఈ పని చాలు, ఊరికి పంపీ అన్నా. తల కొట్టుకుంటా పోయినాడు."

తర్వాతి స్టాపులో ఆయన దిగిపోయాడు. ఆయన పేరు కూడా నేను అడగలేదు.

నేను రుమైథియాలో పనిచేసే ఇంట్లో, మెట్ల కింద ఫ్యాను కూడా లేని గదిలో ఎండాకాలాలు గడుపుతున్నదాన్ని. ఆ సాయంత్రం ఇల్లు చేరగానే, అమ్మగారు అన్నట్టుగా 'మామా' అని పిలిచే యజమానురాలి ముందు నిలబడ్డాను.

"మామా, నా గదిలో వేడి. ఏసీ కావాలి."

ఆమె ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఇంకా గట్టిగా మళ్లీ అడిగాను.