కుండీలో చెట్టును తిట్టిన పొద్దు

మంగళవారం, పొద్దున ఎనిమిదిన్నర. కోరుట్లలో మా ఇంటి లోపలి గదిలో, మూరెడు ఎత్తు కూడా లేని చెట్టు ముందు నిలబడి నేను దాన్ని తిట్టడం మొదలుపెట్టాను.

చెట్టు మా అల్లుడిది. అతను సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. మగ్గాలు ఆగిపోతే నా బిడ్డను నా దగ్గర వదిలి గల్ఫ్ పోయాడు. అక్కడ ఒక సేటు బంగళాలో తోటపని. పళ్లెం లాంటి కుండీల్లో పెంచే పొట్టి చెట్లను చూసుకోవడం అక్కడే నేర్చుకున్నాడు. రెండేళ్లు నిండకముందే పనిలోంచి తీసి పంపించేశారు. సిరిసిల్ల పోవడానికి మొహం చెల్లక నేరుగా మా ఇంటికే వచ్చాడు. హైదరాబాద్‌లో దిగి, దారిలో ఏదో నర్సరీలో ఈ చెట్టు కొన్నాడు. జునిపెర్ అట. ఆకులు ఆకుల్లా ఉండవు. సన్నగా, ముట్టుకుంటే గుచ్చుకుంటాయి.

ఎదురింటామె చూసి ఊరుకుంటుందా?

"అందరు గల్ఫ్ నుంచి బంగారం తెస్తరు. మీ అల్లుడు చీపురుకట్ట తెచ్చిండా వదినె?"

ఆ మాట లోపలికి వినిపించింది. ఆ తర్వాత అతను వాకిట్లోకి రావడం మానేశాడు. తిండి గదిలోనే. పని ఒక్కటే, చెట్టు. వేలు మట్టిలో గుచ్చి, పైన ఆరితేనే నీళ్లు పోసేవాడు. చిగుళ్లను కత్తెరతో కాదు, వేళ్లతో గిల్లేవాడు. కొమ్మకు రాగి తీగ చుట్టి మెల్లగా వంచేవాడు. నా బిడ్డ బియ్యం కడిగిన నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంత చేసినా చెట్టు ఒక పక్క ఎర్రబడి ఎండసాగింది. అతనూ చిక్కిపోయాడు. పనికి పోడు, మాట్లాడడు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది.

సోమవారం కంటి అద్దాల కోసం జగిత్యాల పోయాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, చదవడానికి అద్దాలు కావాలి. బస్టాండు దగ్గర నర్సరీ బోర్డు కూడబలుక్కుని చదివి, లోపలికి పోయి జునిపెర్ చెట్టు ఎందుకు ఎండుతోందని అడిగాను.

"ఇంట్ల పెట్టిన్రా పెద్దమ్మా?" అన్నాడు నర్సరీ అతను. "గా చెట్టు ఇంట్ల బతుకదు. చుట్టాలొచ్చిననాడు చూపెట్టేతందుకు లోపల పెట్టాలె, మల్ల బయట పెట్టాలె. ఎండ, గాలి లేకుంటే సస్తది."

మాలో అత్త అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. చెప్పేదుంటే బిడ్డతో చెప్పించాలి. నా బిడ్డ చెప్పదు, ఏడుస్తుంది. అందుకే మంగళవారం కొంగు నెత్తిన వేసుకుని, అతను మంచం మీద ఉండగానే చెట్టును తిట్టడం అందుకున్నాను.

"ఏందే చెట్టూ, గీ మూలకు కూసుండి ఎండిపోతవా? బయటికి పోతే నిన్ను ఎవలన్న కొరుక్క తింటరా?"

అతను లేచి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. తనూ చెట్టుకే చెప్పాడు.

"బయట పెట్టాలని నాకు ఎరుకే. అక్కడ గట్లనే పెట్టేటోన్ని."

"ఎరుకైతే నిన్ను గీడెందుకు పెట్టిండే?"

"బయట పెడితే దినాం చూసేతందుకు నేను పోవాలె. వాకిట్ల అందరుంటరు."

తలుపు దగ్గర నా బిడ్డ ఒళ్లో బీడీల చాట పెట్టుకుని వింటోంది.

"ఉంటే ఉంటరు. వాళ్ల బీడీలు వాళ్లు చేసుకుంటరు. నోరున్నోళ్లు నాలుగు మాటలంటరు. నీకైతే నోరు లేదు చెట్టూ, నిన్ను తెచ్చినాయనకు గూడ లేదా?"

నా బిడ్డ ఫక్కున నవ్వింది. అతను వచ్చిన నాటి నుంచి ఇంట్లో నవ్వు వినలేదు. అతను మంచం దిగాడు. తర్వాత కుండీ ఎత్తుకుని బయటికి నడిచాడు.

మా వాకిట్లో గద్దె మీద తోడికోడలితో కలిసి బీడీలు చుడుతున్న ఎదురింటామె చూడనే చూసింది. ఆమె వరసకే అత్త, అల్లుడితో మాట్లాడకూడదన్న కట్టు ఆమెకు లేదు.

"ఏం అల్లుడా, చీపురుకట్ట ఎండవెడుతున్నవా?"

"అవు అత్తా. పెద్దగైనంక మీ వాకిలి గూడ ఊడుస్త."

ఆమె నవ్వి, చాట పక్కకు జరుపుకుంది. "ఒక్కసారే ఎండల పెడితే మాడుతదేమో. గీ గద్దె మీద పెట్టు, సగం నీడుంటది."

అక్కడే పెట్టాడు. ఎండిన కొమ్మ మళ్లీ పచ్చబడలేదు, కోసేశాడు. మిగతాది నిలిచింది. నేను అతనితో ఇప్పటికీ ఎదురుగా మాట్లాడను. చెట్టు ఉంది కదా, ఇబ్బంది లేదు.

ఆ పొద్దు అక్కడున్నది నేను, నా బిడ్డ, ఎదురింటామె, ఆమె తోడికోడలు, కుండీలో చెట్టు, వాకిట్లో మా అల్లుడు.