తాతయ్య చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు జరిగాయని నేను చెప్పుకునే సంగతులలో రుజువు చేయగలిగినవి చాలా తక్కువ. జ్ఞాపకం మంచి సాక్షి కాదు. అడిగిన ప్రతిసారీ కొంత మెరుగులు దిద్ది చెబుతుంది. జీవితమంతా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినదానిని కనుక ఈ మాట ముందే చెప్పడం న్యాయం. ఇక్కడ నేను కళ్లారా చూసినది ఏదో, ఇతరులు చెప్పగా విన్నది ఏదో, నా ఊహ ఏదో వీలైనంతవరకు వేరువేరుగానే ఉంచుతాను.

మాది ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఒక పల్లె. ఊరిలో మా తాతయ్య మాటకు ఎదురు ఉండేది కాదు. పొలం గట్టు తగవైనా, అన్నదమ్ముల పంపకమైనా మా వసారాలోనే తేలేది. ఆయన చదువుకున్నవాడు కూడా. పడమటి గదిలోని చెక్కపెట్టెలో ఆయన పుస్తకాలుండేవి. ఇరవయ్యో శతాబ్దం తలుపు తడుతున్న రోజులలో అచ్చయిన నవలలు, ప్రహసనాలు, ఉపన్యాస సంపుటాలు. బాల్యవివాహాలు కూడదనీ, వితంతువులకు మళ్లీ పెళ్లి చేయాలనీ, ఆడపిల్లలకు అక్షరం నేర్పాలనీ తెలుగువారు తమలో తాము గట్టిగా పోట్లాడుకున్న కాలపు పుస్తకాలవి. వాటిని పడుచుతనంలో ఏరికోరి తెప్పించుకున్నానని తాతయ్య గర్వంగా చెప్పేవాడు. నన్ను ఉదయగిరి బడికి పంపినదీ ఆయనే. ఎదిగే పిల్లను అంత దూరం ఎందుకని మా నాయన నసిగితే, "నేనుండంగా దీని చదువు ఆపేదెవుడురా?" అని ఒక్క గద్దింపుతో తేల్చేశాడు. ఆ రుణం నాకు ఇప్పటికీ ఉంది. ఈ కథలో కష్టమంతా అక్కడే ఉంది.

వేరుశనగ విత్తే అదనుకు ముందు, విత్తనపు కాయలు ఒలవడానికి వీధిలోని ఆడవాళ్లు మధ్యాహ్నాలు మా వసారాలో చేరేవారు. తాతయ్య పడకకుర్చీలో కూర్చుని పుస్తకం చదివి వినిపించేవాడు. ఇందులో ధర్మం కొంత, జాగ్రత్త కొంత. "వింటా ఉంటే చేతులు ఆడతాయి, నోళ్లు ఆడవు. గింజలు మిగలతాయి" అనేవాడు. పక్కింట్లో నేను అక్కా అని పిలిచే ఆమె తల్లి వరసకు ఆయనకు కోడలు; నోరున్న మనిషి. "కత బాగుంటే నోరు తెరుచుకోనే గదా మామా వినేది? గింజ పొయ్యేది అప్పుడే!" అని ఆమె అంటే వసారా అంతా నవ్వేది. తాతయ్యా నవ్వేవాడు.

ఆ పుస్తకాల భాష ఆ వసారాకు అందేది కాదు. ఒక్కొక్క వాక్యం అర పుటదాకా సాగేది. సమాసం విప్పితే మరో సమాసం. అందువల్ల తాతయ్య భారతం చదివే పద్ధతినే నవలకూ పట్టించాడు. ముందు వాక్యాన్ని రాగయుక్తంగా చదవడం, తరువాత ఆగి, వినేవాళ్ల మాటలలో అర్థం చెప్పడం. అక్షరం పుస్తకానిది, అర్థం తాతయ్యది. ఆ రెంటి నడుమ ఖాళీ ఉంటుందని ఎవరికీ తోచలేదు. తోచడానికి మరొకరికి ఆ పుస్తకం చదవడం వచ్చి ఉండాలి. ఆయన చూపు మందగించినందువల్ల పుటలు తిప్పడానికి, వరుస తప్పితే వేలు పెట్టి చూపడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు ఉండవచ్చు.

పక్కింటి అక్క పెళ్లయిన ఏడాదికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇరవై దాటి ఉండదు. తన పేరు రాయడం తప్ప చదువు రాదు. ఆ సంవత్సరం అనుమసముద్రంపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసే కాంపౌండరు ఆమెను చేసుకుంటానని కబురు పంపాడు. అక్క తన తల్లికి మందు కోసం అక్కడికి వెళ్లినప్పుడు ఒకటి రెండుసార్లు చూశాడట. అతనికీ భార్య పోయింది. కట్నం, లాంఛనం ఏమీ వద్దన్నాడు. అక్కకు ఇష్టమే. ఆమె ఆ మాట నోటితో అనడం నేను వినలేదు. కాని ఆ కబురు వచ్చిన తరువాత ఆమె తలలో మళ్లీ పూలు చూశాను. వాళ్లమ్మ మా వసారాకు వచ్చి, "ఏం చెయ్యమంటావు మామా? నువ్వు ఊ అంటే ఊరు ఊ అంటాది" అని అడిగింది. తాతయ్య ఊ అనలేదు, ఊహూ అనలేదు. మరునాటి మధ్యాహ్నం చెక్కపెట్టెలోనుంచి ఒక నవల తీశాడు.

దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే దోషం పుస్తకానిదన్నట్లవుతుంది. చిన్నవయసులో భర్త పోయిన ఒక అమ్మాయి, బంధువులను ఎదిరించి మళ్లీ పెళ్లి చేసుకునే కథ అది. వసారా ఆ కథకు వశమైపోయింది. అత్తింట ఆ పిల్ల అన్నానికి వాచిపోతుంటే కాయలు ఒలిచే వేళ్లు ఆగిపోయేవి. "మన పిల్ల పోలికే ఉండాది" అని ఎవరో అంటే అందరూ అక్కవైపు చూశారు. పెళ్లి ఘట్టం వచ్చిన రోజు అక్క తల వంచుకుని నవ్వుకోవడం నేను చూశాను. తాతయ్యా చూశాడు.

తరువాతి రోజుతో కథ ముగిసింది. తాతయ్య ఎప్పటికన్న తక్కువ చదివి, ఎక్కువ అర్థం చెప్పాడు. రెండో మొగుడు కొన్నాళ్లకే మొహం తిప్పుకున్నాడట. కులం వెలివేసిందట. పుట్టింటి తలుపు తెరుచుకోలేదట. చివరికి ఆ పిల్ల ఏట్లో దూకి చనిపోయిందట. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అక్క ఏడవలేదు. ఒలుస్తూనే ఉంది, కాని గింజలను పొట్టు గంపలో వేస్తూ, పొట్టును చేటలోకి విదిలిస్తూ ఉంది. ఎవరూ ఆమెను సరిదిద్దలేదు.

నాకు ఆ పుటలో ఒక మాట కనిపించింది. సీమంతము. అంతకు కొద్దిరోజుల ముందే మా పిన్నికి ఆ వేడుక చేశారు. గాజులు, పూలు, ఇంటినిండా పేరంటాళ్లు. ఏట్లో దూకే మనిషి పుటలో ఆ మాటకు పనేమిటి? మరునాడు అందరూ చేరాక అడిగాను.

"తాతా, ఇక్కడ సీమంతమని ఉండాది. సచ్చిపొయ్యే ఆమెకి సీమంతం ఏంది?"

తాతయ్య నావైపు ఒక్క క్షణం చూశాడు. తరువాత నా తల నిమిరి, "చూసినారా అమ్మా, నా మనవరాలు ఎట్ల చదవతా ఉండాదో!" అన్నాడు. ఆ వాక్యాన్ని తొలి అక్షరంనుంచి చివరి అక్షరందాకా, ఒక్కటీ మార్చకుండా, గొంతెత్తి చదివాడు. చదివి, మెల్లగా అర్థం చెప్పాడు. "పాపం, నీళ్లలో మునిగేటప్పుడు తలుచుకునింది. మొదటి మొగుడు బతికుంటే నాకూ సీమంతం జరిగేది గదా అని."

వసారా మళ్లీ ఏడ్చింది, ముందటి రోజుకన్న ఎక్కువగా. నేను అడ్డువేయబోయిన రాయి ఆయన గోడకే మూలరాయి అయింది. తనకు ప్రతికూలమైన సాక్ష్యాన్ని కూడా తన సిద్ధాంతానికి అలంకారంగా మార్చుకునే పండితులను ఆ తరువాత చాలామందిని చూశాను. ఎవరూ ఆయనంత నిమ్మళంగా చేయలేదు.

ఆ పుస్తకాన్ని బడికి తీసుకెళ్లాను. తెలుగు అయ్యవారి బల్లమీది నిఘంటువు ముందేసుకుని చివరి ప్రకరణంలోని ప్రతి మాటనూ వెతికాను. సమాసం తరువాత సమాసం కూడదీసుకుంటే తేలినది ఇది: ఆ అమ్మాయి చనిపోదు. రెండో భర్త ఆమెను విడిచిపెట్టడు. సీమంతం జరుగుతుంది, బిడ్డ పుడుతుంది. చివరి వాక్యంలో ఆమె తన ఇంటి అరుగుమీద వీధి ఆడపిల్లలకు ఓనమాలు దిద్దిస్తూ ఉంటుంది. ఆ పుటలలో ఏరు లేదు, నీళ్లు లేవు.

మొదట మా అవ్వకు చెప్పాను. ఆమెకు చదువు రాదు. దొడ్లో చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండానే విన్నది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో ఇదే పుస్తకం నాకు చదివి వినిపించినాడు" అన్నది. "అప్పుడు బతికింది ఆ పిల్ల. బిడ్డని కూడా ఎత్తుకునింది. ఇప్పుడు చంపినాడు."

"మరి అందరి ముందర చెప్పవేంది అవ్వా?"

"చెప్పి, నా మొగుణ్ణి నలుగుర్లో అబద్ధాలకోరును చెయ్యమంటావా మే? వింజమూరోళ్లు మీ అత్తని పెళ్లికి చూసి పొయ్యుండారు. పక్కింట్లో ముండమోసిన పిల్లకి మారుమనువు జరిగిందంటే, వాళ్లు మళ్లా ఈ గడప తొక్కతారా?" ఇంకో గింజ తీసి పక్కన పడేసి, "అప్పుడు ఆయనకి ఇరవై ఏండ్లు" అన్నది. ఆయన తరఫున ఆమె చెప్పిన వాదమంతా అదే.

ఇక్కడ నా వృత్తికి తగిన అనుమానాలు కొన్ని చెప్పాలి. అవ్వ చెప్పినది తాతయ్య ఉద్దేశమని నేను నిరూపించలేను. ఆయనను ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ అదను దాటకముందే మా అత్తకు వింజమూరు సంబంధం కుదిరిందన్నది మాత్రం వాస్తవం. నా చదువు తప్పేమోనని కూడా పెద్దయ్యాక శంకించాను. ఆ కాలపు నవలలు ఒక ముద్రణనుంచి మరో ముద్రణకు మారడం ఉండేది. తాతయ్య ఇంకొక ప్రతి చదివి, ఆ ముగింపునే మనసులో పెట్టుకున్నాడేమో! గ్రంథాలయాలలో దొరికిన ప్రతులన్నీ పోల్చి చూశాను. ఒక్కదానిలోనూ ఆమె చనిపోలేదు. నాకు దొరకని ప్రతి ఏదైనా ఉండవచ్చు. కాని అవ్వకు వినిపించిన కథలో ఆమె బతికింది; ఆ పెట్టెలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఈ రెండూ కలిపి చూస్తే, న్యాయంగా ఆయనకు ఇవ్వదగిన అవకాశాలన్నీ అయిపోయాయి.

అవ్వతో మాట్లాడిన మరునాడు పక్కింటి అక్క దగ్గరకు వెళ్లాను. ఆమె ఎండిన పుల్లలు మోపు కడుతోంది. పుస్తకం తెరిచి చివరి ప్రకరణం చదివాను. తాతయ్య నోట నీళ్లలా పారిన వాక్యాలు నా నోట రాళ్లలా దొర్లాయి. చదివిన ప్రతి వాక్యానికీ అర్థం చెప్పాను. నిఘంటువులో చూశానని కూడా చెప్పాను. అక్క పని ఆపి, చివరిదాకా విన్నది. పుట చూపమని అడిగింది. ఆ అక్షరాలమీద వేలు పెట్టి, "ఇక్కడేనా ఆమె బతికుండేది?" అన్నది. అవునన్నాను.

"అవ్వ కూడా చెప్పిందక్కా. ముందు చదివినప్పుడు బతికిందంట."

"మీ అవ్వ వసారాలో చెప్తాదా?"

చెప్పదని తల అడ్డంగా ఊపాను.

"నువ్వు చదివితే బతకతాది, మీ తాత చదివితే సచ్చిపోతాది" అన్నది అక్క. ఆమె గొంతులో కోపం లేదు, లెక్క తేల్చుకుంటున్నట్టుంది. "నువ్వు అబద్ధం చెప్తావని కాదు పాపా. నీది నిజమే కావచ్చు. మీ తాత మాట నమ్మి నేను చెడిపోతే, ఊరంతా అయ్యో అని నా పక్కన నిలబడతాది. నీ మాట నమ్మి పొయ్యి, అక్కడ ఆయప్ప మంచోడు కాకుంటే, నా పక్కన ఎవురు నిలబడతారు? నువ్వా?"

మోపు ఎత్తమన్నది. తలకెత్తాను. వెళ్లిపోయింది.

కాంపౌండరుకు వద్దని కబురు వెళ్లింది. అతను ఎవరిని చేసుకున్నాడో, మంచివాడో కాదో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేశాను, ఆచూకీ దొరకలేదు. అక్క ఆత్మకూరులో తమ్ముడి ఇంట వంట చేస్తూ, వాళ్ల పిల్లలను, తరువాత ఆ పిల్లల పిల్లలను సాకుతూ ముసలిదైంది. అక్కడే పోయింది. చూడడానికి వెళ్లినప్పుడల్లా నాకు కాఫీ ఇచ్చి, తాను గుమ్మం పక్కన కిందే కూర్చునేది. ఆ పుస్తకం మాట ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఆ కథ వల్లనే వద్దన్నదని చెప్పడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఆ కథ లేకపోయినా వద్దనేదని చెప్పడానికీ లేదు.

తాతయ్యను నేను క్షమించలేదు. చదువు చెప్పించినందుకు ఆయనకు మొక్కుతూనే, ఆ చదువు అవసరమైన మొదటి రోజునే దానిని నలుగురిలో మెచ్చుకుంటూనే నోరు మూయించినందుకు ఆయనను నిందిస్తూనే ఉన్నాను. ఆయన పోయినప్పుడు ఊరు ఆయనను సంస్కర్త అన్నది. నేను అక్కడే ఉన్నాను.

మహిమలనీ, మందులనీ, జాతకాలనీ జనం నమ్మేవాటిని పరీక్షించి, ఇది అబద్ధం, ఇదిగో రుజువు అని చెప్పడం నాకు వృత్తికన్న ఎక్కువైంది. ఊరూరా తిరిగి చెప్పాను. రిటైరైన తరువాత కూడా చెబుతున్నాను. ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు శ్రద్ధగా వింటారు. కొందరు అవునన్నట్లు తల కూడా ఊపుతారు. ఊపి, ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లు చెప్పినట్లే చేస్తారు. నాతో వచ్చే కుర్ర అధ్యాపకులు, వీళ్లకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదని విసుక్కుంటారు. నేను విసుక్కోలేను. నన్ను నమ్మి ఒంటరిగా ఒక అడుగు వేస్తే వాళ్ల పక్కన ఎవరు నిలబడతారో, ఉపన్యాసం ముగించుకుని సాయంత్రం బస్సెక్కే మనిషిని, నేను చెప్పలేను కనుక.