పదకొండు పేజీల ఏడుపు

1979లో విశాఖపట్నంలోని ఒక దినపత్రికలో నేను ప్రూఫ్ రీడర్‌గా చేరాను. మావారిది పోర్టులో ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చి గోపాలపట్నంలో కాపురం పెట్టాం. నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. కంపోజింగ్ విభాగం నుంచి పొడవాటి కాగితాల మీద గేలీ ప్రూఫులు వచ్చేవి. కాపీ హోల్డర్ అసలు ప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, ప్రూఫ్ రీడర్ అచ్చుతో పోల్చుకుంటూ తప్పుల్ని మార్జిన్‌లో గుర్తించాలి. వాక్యం ఎంత అధ్వానంగా ఉన్నా మేం ముట్టుకోకూడదు. అది సబ్ ఎడిటర్ల పని.

నా కాపీ హోల్డర్ అప్పలరాజు, నాకంటే పదేళ్లు పెద్ద. జాలరి కుటుంబం. తండ్రి వేటకు వెళ్లి తిరిగి రాలేదని ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆ మాట నన్ను వదల్లేదు. సముద్రం మీదికి పోయిన భర్త కోసం ఎదురుచూసే స్త్రీ కథగా మూడేళ్లు కూర్చుని నాలుగు వందల పేజీల నవల రాశాను. అప్పలరాజుకు చెప్పలేదు.

ఒక వారపత్రికకు పంపితే తిరిగొచ్చింది. సగానికి తగ్గించి మూడు నెలల్లోగా పంపితే మళ్లీ చూస్తామని సంపాదకుడు పై కాగితం మీద రాశారు. నెల రోజులు దిద్ది, శుభ్రంగా తిరగరాసి, మా చీఫ్ సబ్ ఎడిటర్ శర్మగారికి చూపించాను. ఆయన ఇరవై పేజీలు చదివి, నేను అక్షరాలే దిద్దాననీ నవల జోలికి పోనేలేదనీ తేల్చేశారు. ప్రతి అధ్యాయం పక్కన అందులో జరిగిందేమిటో ఒక్క వాక్యంలో రాయమన్నారు. రాయలేకపోతే ఆ అధ్యాయం కొట్టేయమన్నారు. మిగిలినదాన్ని మరొకరి చేత చదివించుకుని వినమన్నారు.

తొమ్మిది అధ్యాయాలు పోయాయి. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మిగిలిన కట్ట పట్టుకుని ఆఫీసుకు గంట ముందే వెళ్లాను. అంత బాగా చదవగలవాడు నాకు తెలిసి అప్పలరాజు ఒక్కడే.

అలవాటు కొద్దీ కామాలతో సహా చదువుతూ పోయాడు. నాయిక ఒడ్డున కూర్చుని ఏడ్చే, నాకు అన్నిటికంటే ఇష్టమైన పదకొండు పేజీల అధ్యాయం దగ్గర ముందు కామాలు ఆగాయి, తర్వాత గొంతు ఆగింది.

"ఇది మాయమ్మ కతే కదమ్మా?"

అవునన్నాను. ముందే అడగనందుకు తల ఎత్తలేకపోయాను. అతను కాగితాలు సర్దుతూ, "నానింటే ఏటి లాభం? ఆవిడ ఇనాల," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కు తీసుకెళ్లాడు. వాళ్లమ్మ పోలమ్మ వేలంలో పాడుకున్న చేపల్ని గంపలోకి సర్దుకుంటోంది. అతను అధ్యాయమంతా చదివి వినిపించాడు. ఆమె చేతులు ఆపకుండానే విన్నది.

"నాను ఒడ్డున కూకోనేదమ్మా," అంది చివరికి. "నలుగురు పిల్లలు. ఆ పొద్దే గంపెత్తుకున్నాను. ఏడుపొచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా కేకేసి సేపలమ్మినాను. ఎవులికీ తెల్దు."

ఆ అధ్యాయం తీసేస్తానన్నాను.

"ఎందుకు తీసేత్తావ్? రాయ్. ఆయన పేరెట్టకు. నన్ను కూకోబెట్టకు."

పది రోజులు సెలవు పెట్టాను. పదకొండు పేజీలు ఒకటిన్నర పేజీ అయ్యాయి. ఏడుపు అన్న మాట అందులో లేదు, వీధి వీధికీ పెరిగే కేక ఉంది. నా నాయిక ఎదురుచూస్తూ కూర్చునే మనిషి కాదని తేలాక వెనకటి అధ్యాయాలన్నీ మార్చాల్సి వచ్చింది. నూట తొంభై పేజీలు గడువుకు రెండు రోజుల ముందు పోస్టు చేశాను.

సీరియల్‌గా తీసుకున్నారు. సంపాదకుడు రెండు పేరాలు కొట్టేస్తామన్నారు. మొదటిదాని విషయంలో ఆయన మాటే నిజం, ఒప్పుకున్నాను. రెండోది పోలమ్మ కేక. దాని కోసం ఉత్తరం రాసి నిలబెట్టుకున్నాను.

తర్వాత పరీక్ష రాసి సబ్ ఎడిటర్‌నయ్యాను. ఇతరుల రాతలు చాలా దిద్దాను. రాసినవారికి బాగా ఇష్టమైన పేజీని ముందుగా అనుమానించాలనీ, తెలియనిదాన్ని అనుభవించినవాళ్లను అడగాలనీ ఆ మూడు నెలల్లో తెలిసింది. ఆ అడిగేదేదో రాయకముందే అడగాలి. నేను మూడేళ్లు ఆలస్యంగా అడిగాను.