రోస్కో బెల్ ఫోటో

అమెరికాలో, దక్షిణ జార్జియాలోని లార్క్స్‌విల్ అనే చిన్న ఊళ్లో బుధవారం బుధవారం వచ్చే వారపత్రిక ఒకటుంది. భర్త జగదీష్‌కి అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం రావడంతో ఆ ఊరు చేరిన రాగిణి, పదమూడేళ్లుగా అందులో పనిచేస్తోంది. మొదట్లో ఆఫీసులో ఆరుగురుండేవారు. పత్రికను అట్లాంటా కంపెనీ ఒకటి కొన్నాక ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు కౌంటీ పాలకవర్గం మీటింగులకు వెళ్లేదీ, హైస్కూల్ ఫుట్‌బాల్ స్కోర్లు రాసేదీ, మరణవార్తలు సర్దేదీ, ఫోనెత్తేదీ ఆమే.

ఒక బుధవారం పొద్దున్నే ఫోను మోగింది.

"అమ్మా, నా పేరు రోస్కో బెల్. నేను చచ్చిపోయానని మీ పేపర్లో వేశారట. ఇక్కడ కాఫీ తాగుతున్నాను మరి," అన్నాడు అవతల ఒక ముసలాయన.

రాగిణి గబగబా పేజీ తిప్పింది. పోయింది ఆయన పినతండ్రి కొడుకు. ఇద్దరిదీ ఒకటే పేరు. నలభై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఇంటివాళ్లు పంపిన ఫోటో కంప్యూటర్లో తెరుచుకోకపోతే, పాత ఫైల్లో ఆ పేరు మీద కనిపించినదాన్ని తీసి పెట్టేసింది. అది బతికున్న ఈయనది. సరిచూడడానికి పక్కన మరో మనిషి లేడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

బతికున్నాయన నవ్వేసి ఊరుకున్నాడు. కానీ పోయినాయన భార్య లొరెయిన్?

"కాల్ చేసి సారీ చెప్పెయ్, చాలు. ఆ జాబ్ రిజైన్ చెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?" అన్నాడు జగదీష్ ఫోన్లో.

"నేను మానేస్తే ఇంకొకళ్లని పెట్టరు జగదీష్. ఆఫీసే క్లోజ్ చేస్తారు," అని ఆమె కారెక్కింది.

లొరెయిన్ వంటింటి బల్ల మీద పది పేపర్లున్నాయి. మనవళ్లకు తలా ఒకటి దాచిపెడదామని తెప్పించిందట.

"రాసిందంతా మా ఆయన గురించే. మొహమే ఆయనది కాదు," అంది.

"పొరపాటు నాదేనండీ," అంది రాగిణి.

"మీ ఆఫీసులో చూసేవాళ్లు ఇంకెవరూ లేరా?"

"లేరండీ. నేనొక్కదాన్నే."

లొరెయిన్ గోడ మీదున్న భర్త ఫోటో దించి రాగిణి చేతిలో పెట్టింది. "మళ్లీ వెయ్యి. మూలన రెండు లైన్లు కాదు, మొత్తం వెయ్యాలి. నిన్ను క్షమించాననుకోకు."

కంపెనీ నియమం ప్రకారం సవరణ అంటే రెండో పేజీలో రెండు లైన్లే. రాగిణి మాత్రం తర్వాతి బుధవారం సంచికలో, కంపెనీ తన పత్రికలన్నిటికీ పంపే ఆరోగ్య శీర్షికను తీసేసి, ఆ చోట, మొదటి పేజీలోనే, రోస్కో బెల్ మరణవార్తను ఫోటోతో సహా మళ్లీ వేసింది. ఫోటోనూ, పది కాపీలనూ తీసుకెళ్లి ఇచ్చింది. లొరెయిన్ గుమ్మంలోనే నిలబడి ఆసాంతం చదివి, తలాడించి, తలుపేసుకుంది.

అట్లాంటా నుంచి చీవాట్లు వస్తాయని రాగిణి శుక్రవారం దాకా బిక్కుబిక్కుమంటూ ఎదురుచూసింది. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ పేజీని అక్కడెవరూ తెరిచి చూడనే లేదని అర్థమయ్యేసరికి ప్రాణం ఉసూరుమంది. తిట్టినా బాగుండేదనిపించింది.